వాత పెట్టనివ్వని మా అత్త

మా అత్త పోయింది. పోయిన నెల ఒక పొద్దున, తాను పనిచేసే కువైటీల ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ తరుగుతూ కూలబడిపోయిందట. అంబులెన్సు వచ్చేలోపే అయిపోయింది. ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, నాకు ఫోన్ చేసి అరబ్బీలో ఏడ్చింది. నాకు సగమే అర్థమైంది, ఆ సగమే చాలు. నేనూ ఇక్కడే కువైటులో, మహబూలాలో ఒక టైలరింగ్ షాపులో రవికెలు కుడతాను. అప్పుడు నా ఒళ్లో ఎవరిదో పట్టుగుడ్డ ఉంది. కన్నీళ్లు పడి మరకలవుతాయని ముందు దాన్ని మడిచి పక్కన పెట్టి, తర్వాత ఏడ్చాను. అత్త చూసి ఉంటే మెచ్చుకునేది.

అత్తాకోడళ్లనగానే మీరు ఏమేమో ఊహించుకుంటారు. మాకూ గొడవలయ్యాయి, కాలేదని అబద్ధమెందుకు చెప్పాలి? నాకు నోరెక్కువ, ఆమెకు పంతమెక్కువ. శుక్రవారం సెలవుకు మా గదికి వచ్చి సంగటి కెలుకుతూ, నా కూరలో ఉప్పు తక్కువైందని నలుగురిలో అనేది. నేను ఊరుకునేదాన్ని కాదు. ఆమె దేవత అని చెప్పడానికి నేనీ నాలుగు ముక్కలు రాయడం లేదు. ఈ పొద్దు నా మెడలో తాళి ఉందంటే అది ఆమె చలవే, ఆ సంగతి నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

మా రాయచోటి వైపు ఎడమ డొక్క కింద కడుపు గట్టిపడి చేతికి తగిలితే 'బల్ల పడింది' అంటారు. ప్లీహం వాచిందని డాక్టర్లు చెప్పేది దాన్నే. పాతకాలం వాళ్లకు దానికి తెలిసిన వైద్యం ఒకటే, వాత. ఇనుపకడ్డీ ఎర్రగా కాల్చి కడుపు మీద పెట్టడం. ఈ నమ్మకం మాతోపాటే విమానమెక్కి కువైటుకు వచ్చింది. ఇక్కడి అరబ్బుల్లో కూడా వెనకటి ముసలివాళ్లు వాతలు పెట్టించుకునేవారని విన్నాక మావాళ్లకు మరింత ధైర్యం వచ్చింది.

కొన్నేళ్ల కిందట మా ఆయన వఫ్రాలో ఒంటెల కొట్టంలో పనిచేసేవాడు. అక్కడికి బస్సులు సరిగ్గా ఉండవు, ఎప్పుడో దొరికిన శుక్రవారం మా గదికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా మనిషి కొంచెం తగ్గి కనిపించేవాడు. సాయంత్రం కాగానే జ్వరం, ఒళ్లంతా చెమటలు. పొద్దునకు ఏమీ లేనట్టే లేచేవాడు. నడుం నొప్పి, కీళ్ల నొప్పులు. గడ్డి మూటలు మోసి మోసి అని సరిపెట్టుకున్నాం. ఒక శుక్రవారం పడుకున్నవాడి డొక్క కింద నా చేతికి గట్టిగా తగిలింది. పక్క గదివాళ్లను పిలిచాను.

పక్క గదిలో మా వైపు పెద్దాయన ఒకాయన ఉండేవాడు, డ్రైవరు పని. వాత పెట్టడం వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. చెడ్డవాడు కాదు, మా ఆయనంటే ప్రాణం. వచ్చి కడుపు నొక్కి చూసి, "బల్లేరా. ఇప్పుడే పెట్టేద్దాం, మల్లా శుక్రవారానికి ముదురుతాది" అన్నాడు. వద్దన్నాను. నీకేం తెలుసు, గమ్మునుండమ్మా అన్నారు అక్కడ చేరిన మా వైపు మగవాళ్లందరూ. కబాబులు కాల్చే ఊచ ఒకటి తెచ్చి గ్యాసు మీద పెట్టారు. మా ఆయన గోడకు తిరిగి, నొప్పికి కొరకడానికి తువ్వాలు మడుచుకుంటున్నాడు. నేను బయటికి పరుగెత్తి అత్తకు ఫోన్ చేశాను. శుక్రవారం సెలవు కదా, ఆమె అప్పటికే టాక్సీలో దారిలో ఉంది.

వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"ఏందన్నా అది పొయ్యిమీద?"

"వాతకు పెట్నామ్మా. నీ కొడుక్కి బల్ల పడిండాది. ఒక్క నిమిసం, ఖలాస్."

అత్త పోయి గ్యాసు ఆర్పేసింది. "నా కొడుకు మింద ఆ కడ్డీ పడాలంటే ముందు నా మింద పడాల" అంది.

పెద్దాయనకు కోపం వచ్చింది. "అట్లంటే ఎట్లమ్మా? మన పెద్దోళ్లంతా పెట్టించుకున్నోళ్లే గదా. బతకలేదా?"

అప్పుడు మా అత్త చేసిన పని నేను చచ్చేదాకా మరచిపోను. వియ్యంకుల ముందు కూడా కొంగు జారనివ్వని మనిషి, అంతమంది మగవాళ్ల ముందు నడుం దగ్గర కొంగు పక్కకు తీసింది. ఎడమ డొక్క కింద ముడతలు పడి, మాడిన రొట్టె మీది మచ్చల్లాగ వాతలు. ఇన్నాళ్లు ఆమెకు కోడలినై ఉండి నేనే ఎప్పుడూ చూడలేదు.

"చూడండి. బాగా చూడండి. నా చిన్నప్పుడు పెట్నారు. మాయమ్మే నా కాళ్లు పట్టుకునింది. జరం పోయిందా? పోలే. పుండు చీము పట్టింది, జరం జరం మాదిరే ఉండె. మలేరియా అని గవుర్నమెంటు ఆస్పత్రిలో చేదుమాత్రలిచ్చినాక పోయింది. బల్ల తగ్గింది మాత్రలకు, పేరొచ్చింది వాతకు. ఇంట్లో నిప్పంటుకుంటే బయట గోడకు సున్నం కొడతారా అన్నా? లోపలేముందో చూడొద్దా?"

పెద్దాయన ఆ ఊచను తీసి కుళాయి కింద పెట్టాడు. అది సుయ్యిమంది. "యల్లా, లెయ్ రా, పోదాం" అంది అత్త కొడుకుతో. పెద్దాయనే తన కారులో మమ్మల్ని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

డాక్టరు కడుపు నొక్కి చూసి, స్కానింగు తీయించి, చాలా ప్రశ్నలు అడిగాడు. అత్త తన వంటింటి అరబ్బీలో ఇటుదటు, అటుదిటు చెబుతోంది. "కాచని పాలు తాగుతావా?" అన్నది ఒక ప్రశ్న. మా ఆయన టక్కున, "లేదు, నేను టీనే తాగుతా" అన్నాడు.

అత్త అది డాక్టరుకు చెప్పలేదు. కొడుకు మొహంలోకి చూసింది. ఒంటెల కొట్టంలో పనిచేసేవాళ్లు పితికిన పాలు నురగతోనే, నిలబడే తాగేస్తారు. కాచితే బలం పోతుందని వాళ్ల లెక్క. కానీ ఆ పాలు కఫీల్‌వి, అంటే వీసా ఇచ్చిన యజమానివి. తాగానని ఆసుపత్రిలో ఒప్పుకుంటే ఆ మాట కఫీల్ చెవిన పడి, దొంగ అని ఊరికి పంపించేస్తాడేమోనని మా ఆయన భయం. అంత జ్వరంలోనూ ఆ భయమే పైన ఉంది చూడండి.

"ఒరే, ఎవురి పాలని అడగలేదు డాక్టరు. తాగినావా అని అడిగినాడు" అంది అత్త.

మా ఆయన తలొంచుకుని తాగానన్నాడు. రక్తపరీక్ష చేశారు. మాల్టా జ్వరం. పశువుల పచ్చిపాల నుంచి, ఈనే పశువుల్ని ముట్టుకోవడం నుంచి వస్తుందట. ఆ క్రిమి రక్తంలో చేరితే దాంతో పోరాడి పోరాడి ప్లీహం వాస్తుందట. వాపొక్కటే చూస్తే ఏమీ తెలియదన్నాడు డాక్టరు. మలేరియాకు వాస్తుంది, టైఫాయిడుకు వాస్తుంది, కాలేయం గట్టిపడితే వాస్తుంది, రక్తం జబ్బులకూ వాస్తుంది. దేనికి వాచిందో దానికి మందివ్వాలి, ఎప్పుడో తప్ప కోసి తీసేయాల్సిన పని రాదు. మా ఆయనకు రెండు రకాల మందులు, వారాల తరబడి. జ్వరం పోయినా ఆపకూడదు. బరువులు ఎత్తకూడదు, వాచిన ప్లీహానికి దెబ్బ తగిలితే లోపలే పగిలి ప్రాణం మీదికి వస్తుందన్నాడు. అది విని పెద్దాయన కుర్చీలో కూర్చుండిపోయాడు.

మర్నాడు అత్తే కఫీల్‌కు ఫోన్ చేసి, పాల సంగతితో సహా అంతా చెప్పేసింది. ఆయన అవతల నవ్వాడట. చిన్నప్పటి నుంచి నేనూ అట్లే తాగుతున్నాను, నన్నడిగి తాగితే వద్దంటానా అన్నాడట. అత్త వదలలేదు, "అయితే మీరూ పరీక్ష చేయించుకోండి" అంది. ఆయన పరీక్షలో ఏం తేలిందో మాకు చెప్పలేదు గానీ, తర్వాత ఆ కొట్టంలోకి ఒక గ్యాసు పొయ్యి, పెద్ద పాలగిన్నె వచ్చాయి.

ఇక మందులు. నాలుగు రోజులు జ్వరం రాకపోయేసరికి మా ఆయన వీరుడైపోయాడు, ఇంకెందుకీ మాత్రలన్నాడు. అబ్బో, ఎవరి దగ్గర! రోజూ సాయంత్రం మామా వంటింట్లోంచి అత్త వీడియో కాల్. "మింగు. నోరు తెరు. నాలిక ఎత్తు." వెనకనుంచి మామా కూడా తొంగిచూసి "దవా, దవా" అని అరిచేది, మందు, మందు అని. ఇద్దరాడవాళ్ల మధ్య నా మొగుడు బడిపిల్లాడైపోయాడు. మందులన్నీ అయ్యాక డాక్టరు మళ్లీ నొక్కి చూస్తే బల్ల చేతికి తగల్లేదు. ఆ పొద్దు అత్త నన్ను పట్టుకుని ఏడ్చింది. అంతవరకు ఆమె కంట నీటి చుక్క చూడలేదు నేను.

ఆ తర్వాత ఎవరికి కడుపులో బల్ల అన్నా కబురు అత్తకే. ఏం మందు వాడాలని అడిగితే కసిరేది. "నాకేం తెల్సు? నేను డాక్టర్ని కాదు, డాక్టరు కాడికి తోలుకుపోయేదాన్ని" అనేది. అల్ రాయ్‌లో బండ్లు బాగుచేసే ఒకతనికి తాగుడుతో కాలేయం గట్టిపడి బల్ల పడిందని తేలింది. అతను తాగుడు మానాడు, ఇప్పటికీ పనిలో ఉన్నాడు. ఇంకొకడు వినలేదు, వాత కోసమే టికెట్టు తీసుకుని ఊరికి పోయాడు. వాడి కబురు మళ్లీ తెలియలేదు, అత్త మాత్రం వాణ్ని చాలాసార్లు తలుచుకునేది.

ఆమె శవాన్ని ఊరికి పంపే రోజు వఫ్రా నుంచి, అల్ రాయ్ నుంచి ఎవరెవరో వచ్చారు. నాకు సగంమంది తెలియదు. పెద్దాయన పెట్టె మీద చెయ్యి వేసి, "ఆ పొద్దు నువ్వు రాకపోయింటే నీ కొడుకు పాణం నా చేత్తోనే పోయిండును గదమ్మా" అన్నాడు. నాకు దుఃఖం వచ్చింది, దానికంటే ఎక్కువ గర్వం వచ్చింది. ఈమె మా అత్త అని అందరికీ చెప్పుకోవాలనిపించింది.

నా ఇఖామా, అదే ఇక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్‌లో ఉండి నేను ఊరికి పోలేకపోయాను. శవంతో మా ఆయన ఒక్కడే పోయాడు. షాపులో మిషను ముందు కూర్చుని ఫోన్లో అంతా చూశాను. కర్మ చేయడానికి స్నానాలు చేసి, చొక్కాల్లేకుండా నిలబడ్డారు ముసలి దాయాదులు. ఎవరి కడుపు చూసినా పాత వాతల మచ్చలు. వాళ్ల ముందు నా మొగుడు, తడిపంచెతో, చేతిలో నిప్పుకుండ. ఒంటిమీద నీళ్లు ఇంకా కారుతున్నాయి. ఫోన్ కళ్ల దగ్గరికి తెచ్చుకుని ఎడమ డొక్క వైపు చూశాను. ఒక్క మచ్చ లేదు.