కూవన్ పాయలో కల్నల్ ఈదిన దారి

లాకీ గాల్‌బ్రెయిత్ నలభై ఏళ్లుగా పడవ నడుపుతున్నాడు. ఇంతవరకూ ఒక్క మనిషినీ ముంచలేదు. ఒక్క మనిషినీ వేళకి చేర్చనూ లేదు.

మా ఈస్‌డేల్ లంకలో అతని గురించి ఎవరిని అడిగినా ముందు పెళ్లి సంగతే చెప్తారు. పెళ్లికూతురు ఎఫీ అవతలి ఒడ్డున చర్చిలో పూలగుత్తి పట్టుకుని నిలబడి ఉంటే, లాకీ ఇవతల నీళ్లు నెమ్మదించాలని కూర్చున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి చేరాడు. అప్పటికి చుట్టాలు కేకు తినేశారు. "మునిగిపోయాడని ఏడవాలో, మునగనందుకు ఏడవాలో తెలియలేదు నాకు" అంటుంది ఎఫీ ఇప్పటికీ.

లాకీని మరీ అనడానికీ లేదు. మా నీళ్లే అలాంటివి. లంకల మధ్య సందుల్లో సముద్రం రోజుకి రెండుసార్లు పోటెత్తి అటు పారుతుంది, రెండుసార్లు పాటు తీసి ఇటు పారుతుంది. వాలున పోతే పడవ ఎగురుతుంది. ఎదురు పోతే ఇంజను అరుస్తుంది, పడవ కదలదు. మధ్యలో ఓ పది నిమిషాలు నీళ్లు నిలబడతాయి. అందరూ పోటుపాట్ల పట్టిక చూసి, కిటికీలోంచి ఓసారి బయటికి చూసి, బయల్దేరతారు. లాకీ అయితే పట్టిక చూస్తాడు, వాళ్ల నాన్న నోటుబుక్కు చూస్తాడు, రేడియో వింటాడు, రాళ్ల చుట్టూ నురుగు చూస్తాడు, టీ తాగుతాడు, మళ్లీ పట్టిక చూస్తాడు. అప్పటికి నీళ్లు మారిపోతాయి.

ఇక కల్నల్ సంగతి. కల్నల్ అంటే ఎఫీ పొట్టేలు. నల్ల మూతి, మెలి తిరిగిన కొమ్ములు, మనిషిని ఎగాదిగా చూసే చూపు. తల్లి చచ్చిపోతే ఎఫీ సీసాతో పాలు పట్టి పెంచింది. ఆగస్టులో మెల్‌ఫోర్ట్‌లో జరిగే పశువుల పోటీలో నాలుగేళ్లుగా ఎఫీ తమ్ముడు హెక్టర్ పొట్టేలుకే మొదటి బహుమతి, కల్నల్‌కి రెండోది. అది కూడా వెళ్లగలిగిన రెండేళ్లే. మిగతా రెండేళ్లూ లాకీ దారి ఎంచుకుంటూ ఉండగానే పోటీ అయిపోయింది.

"ఈసారి పన్నెండింటికల్లా నా పొట్టేలు బరిలో నిలబడాలి" అంది ఎఫీ ముందురోజు మధ్యాహ్నం. "లేకపోతే ఆ పడవకి చిల్లులు పొడిచి బంగాళదుంపలు నాటతాను."

వారమంతా సముద్రంలో చేపలు పెంచే పంజరాల మీద మేత బస్తాలు మోసి నా నడుం పట్టేసింది. పోటీ జరిగే శనివారం పడుకుందామనుకున్నాను. పొట్టేలుని పట్టుకోవడానికి మనిషి కావాలని నన్ను పిలిచారు. వంటింటి బల్ల మీద లాకీ అప్పటికే సముద్రం పరిచేశాడు. రొట్టెముక్కలు లంకలు. ఉప్పుడబ్బా కూవన్ పాయ మధ్యలో ఉండే బండరాయి.

"ఒకటో దారి కూవన్ పాయ" అన్నాడు. "దగ్గర. కానీ సన్నం. పాటు ఉండగా తూర్పుకి తోస్తుంది. పోటు మొదలైందంటే ఎదురు తంతుంది. రెండో దారి లూయింగ్ లంక చుట్టూ తిరిగి. అక్కడ నీళ్లు పొగరుబోతువి, మధ్యలో సగం రోజు పోతుంది."

"మూడో దారి లేదా?" అన్నాను.

"ఉంది" అంది ఎఫీ. "దాటించే పడవలో అవతలికి వెళ్లి, మా తమ్ముడి వ్యాను ఎక్కించడం."

"హెక్టర్ గాడి వ్యానులోనా?" లాకీ ఉప్పుడబ్బా దబ్బున పెట్టాడు. "వాడి పొట్టేలు పక్కన కూర్చోబెట్టి? దారంతా వాడు కల్నల్ మీద జాలి చూపిస్తుంటే?"

ఎఫీ ఉప్పుడబ్బా మళ్లీ రొట్టెముక్కల మధ్యకి జరిపింది. "అదీ నిజమేలే. కూవనే పద."

పట్టిక తీశాడు. పాటు ఆగేది తొమ్మిదింటికి. "వేసవి గంట ఒకటి కలపాలి. అంటే పది" అని కాగితం మీద రాశాడు. మా పట్టికలు చలికాలపు గడియారంతో అచ్చేస్తారు. వేసవిలో మనమే గంట కలుపుకోవాలి. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతే.

పొద్దున్నే ఎఫీ పోటీకని చిత్తడినేల మట్టి నీళ్లతో కల్నల్ ఉన్నికి రంగు పెట్టి, కొమ్ములకి నూనె రాసింది. తొమ్మిదిన్నరకి బయల్దేరాం. లాకీ జీవితంలో అనుకున్న వేళకి బయల్దేరడం నేను చూడడం అదే మొదటిసారి. రేవులో ఒకరిద్దరు టోపీ తీశారు.

కూవన్ పాయలోకి తిరిగాం. ముందు ఇల్లొకటి కనిపించింది. దాని ముందు ఒకామె దుప్పట్లు ఆరేస్తోంది. ఇంజను బాగానే అరుస్తోంది. కాసేపటికి చూస్తే ఆమె మూడో దుప్పటి ఆరేస్తోంది, ఆ ఇల్లు ఇంకా మా పక్కనే ఉంది.

"లాకీ, మనం కదుల్తున్నామా?" అన్నాను.

"కదుల్తున్నాం. నీళ్లు చూడు, ఎలా వెనక్కి పోతున్నాయో."

"నీళ్లు కదుల్తున్నాయి లాకీ. నేను ఇల్లు చూస్తున్నాను."

ఆ పాయకి అడ్డంగా కార్లు దాటించే పడవ తిరుగుతుంది. ఆర్చీ నడుపుతాడు. అటు వెళ్తూ కేకేశాడు. "ఏం లాకీ, చేపలు పడుతున్నావా?" ఇటు వస్తూ మళ్లీ కేకేశాడు. "ఒరే, ఇంకా ఇక్కడే ఉన్నావా? పోటు మొదలై గంటైంది కదరా!"

"గంటా? ఇప్పుడేగా పది!"

ఎఫీ లాకీ రాసిన కాగితం, పట్టిక రెండూ సంచీలోంచి తీసి పక్కపక్కన పెట్టుకుంది. "ఏమయ్యా, ఈ తొమ్మిది ఎక్కడ చూశావ్?"

"పట్టికలో. ఎర్ర పెన్సిలుతో ఉందిగా."

"ఆ ఎర్ర పెన్సిలు నాది! వసంతంలోనే కూర్చుని ఆగస్టు అంతటికీ గంట కలిపి పెట్టాను!"

"చెప్పొద్దటే?"

"ఎందుకు చెప్పాలి? నువ్వు కలపడం మర్చిపోతావనే కదా కలిపాను!"

"నలభై ఏళ్లలో ఒక్కసారి మర్చిపోయానా?"

"మర్చిపోవాల్సిన ఒక్కరోజూ మర్చిపోలేదు కదయ్యా!"

ఆర్చీ మూడోసారి వచ్చేసరికి అతని పడవలో జనం అంతా మావైపు వచ్చి నిలబడ్డారు. ఒకాయన సోడా సీసా ఎత్తి చూపించాడు. అప్పటికి పదకొండు దాటింది. "పక్కకి తీసి ఒడ్డునాపు, నడిచి పోదాం" అన్నాను. "ఒడ్డు వెంబడి బండలున్నాయి. మా నాన్న పుస్తకంలో అక్కడ మూడు సిలువలు గీశాడు" అన్నాడు లాకీ. ఎఫీ పట్టిక సంచీలో కుక్కింది. గడియారం చూసి, కల్నల్ మెడ మీద చెయ్యేసి, అటు తిరిగి ముక్కు తుడుచుకుంది. అది చూసి లాకీ ముఖం పాలిపోయింది.

కల్నల్ మాత్రం ఒడ్డున పచ్చిక చూస్తున్నాడు. నేను పలుపు పట్టుకునే ఉన్నాను. ఓట్స్ బిస్కట్ అందుకోవడానికి చెయ్యి మార్చానంతే. పెద్ద చప్పుడైంది. చూస్తే నీళ్లలో రెండు కొమ్ములు.

"కల్నల్!" ఎఫీ దూకబోతే నడుం పట్టుకుని ఆపాను. నా నడుం ఇంకోసారి పట్టేసింది.

పొట్టేలు పది బారలు వెనక్కి కొట్టుకుపోయి, ఒడ్డు పక్కన నాచులో పడింది. అక్కడే తిరిగింది. ఒడ్డు వెంబడి తూర్పుకి ఈదడం మొదలెట్టింది. కష్టపడుతున్నట్టు కూడా లేదు. చూస్తుండగా మా పక్కకి వచ్చింది. మమ్మల్ని ఓసారి ఎగాదిగా చూసింది. దాటిపోయింది.

"ఇంజను లేకుండా మనల్ని దాటేసింది" అన్నాను.

లాకీ నోరు తెరిచి చూస్తున్నాడు. "అక్కడ నీళ్లు వెనక్కి మడతపడుతున్నాయే... ఒడ్డు వెంబడి ఎదురు వాలుంది!"

"అయితే పోనివ్వవయ్యా! పుస్తకం తర్వాత చూద్దువుగాని!"

లాకీ కళ్లు మూసుకుని చుక్కాని తిప్పాడు. నేను మాత్రం తెరుచుకునే ఉన్నాను, ఎవరో ఒకరు చూడాలి కదా. పడవ నాచులోకి దూరింది. అడుగున ఏదో ఒకసారి గీరింది. ఆ తర్వాత దుప్పట్ల ఇల్లు నెమ్మదిగా వెనక్కి జరిగింది. ఆర్చీ పడవలో జనం చప్పట్లు కొట్టారు. పొట్టేలు ముందు, మేం వెనక. పాయ చివర ఇసుక మీదికెక్కి అది పచ్చిక మేస్తుంటే ఎక్కించుకున్నాం.

మెల్‌ఫోర్ట్ చేరేసరికి పన్నెండూ పదిహేను. ఎఫీ పరుగెత్తింది, పొట్టేలు పరుగెత్తింది, నేను పలుపు వెనకాల వేలాడాను. బరి ఖాళీగా ఉంది. పోటీల కార్యదర్శి మిసెస్ కామరన్ కుర్చీలో కూర్చుని సాండ్‌విచ్ తింటోంది.

"అయిపోయిందా?" అంది ఎఫీ.

"ఇంకా మొదలవలేదమ్మా. పొట్టేళ్లని రెండింటికి మార్చాం. మీ ఆయన పడవలో వస్తున్నాడని హెక్టర్ చెప్పాడు."

హెక్టర్ అవతల నిలబడి బూట్లు చూసుకుంటున్నాడు. "మీరు లేకుండా గెలిస్తే బాగుండదక్కా" అన్నాడు.

కల్నల్ ఉన్నికి పెట్టిన రంగు ఒకవైపు పూర్తిగా పోయింది, రెండోవైపు మచ్చలు మచ్చలుగా ఉంది. ఎఫీ దువ్వింది, నేను నాచు ఏరాను. జడ్జీ గారు చుట్టూ మూడుసార్లు తిరిగారు. "ఇది ఒక పొట్టేలా, రెండా?" అన్నారు. తర్వాత వీపు నొక్కి చూశారు, కాళ్లు చూశారు. మొదటి స్థానపు ఎర్ర రిబ్బను హెక్టర్ పొట్టేలుకి కట్టి, రెండో స్థానపు నీలం రిబ్బను కల్నల్‌కి కట్టారు. "కాళ్లు మాత్రం బ్రహ్మాండం. ఏం వ్యాయామం చేయిస్తారు?" అని అడిగారు.

ఎఫీ ఏడుస్తుందనుకున్నాను. నీలం రిబ్బను సరిచేసి, "వచ్చాం కదా" అంది. "రాకుండా ఓడిపోవడం వేరు, వచ్చి రెండోది తెచ్చుకోవడం వేరు."

సాయంత్రం రేవులో హెక్టర్ వ్యాను తలుపు తీసి పట్టుకున్నాడు. లాకీ వద్దన్నాడు. నాన్న నోటుబుక్కు తెరిచి, మూడు సిలువల పక్కన ఒక పొట్టేలు బొమ్మ వేశాడు. కుక్కలా వచ్చింది. తర్వాత కల్నల్‌ని పడవ ముందు భాగంలో నిలబెట్టి, పలుపు విప్పేసి, ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నావయ్యా?" అంది ఎఫీ.

"దారి అడుగుతున్నాను."

కల్నల్ ఒకసారి నీళ్లవైపు చూశాడు. పడుకుని నిద్రపోయాడు.

"ఆగమంటున్నాడు" అన్నాడు లాకీ. రెండు గంటలు ఆగాం.