లేని బ్రేకు

జగ్గయ్యపేటలో బస్సెక్కిన పెద్దమనిషి ఒళ్లో బరువైన అట్టపెట్టెతో నా పక్కన కూర్చున్నాడు. అందులో కొత్త డిస్క్ బ్రేకులున్నాయట. వాళ్లన్నయ్య ముచ్చటపడి కొనుక్కున్న పాతకాలపు స్పోర్ట్స్ కారు కోసమట. స్ప్రింగులు, షాకబ్జార్బర్లు ఈయనే అప్పటికే మార్పించాడట.

ముందు లారీ కనిపించినప్పుడల్లా, మా డ్రైవర్ కంటే ముందే ఆయన కుడికాలు బస్సు రేకును గట్టిగా తొక్కుతోంది. నేను చూడటం గమనించాడు.

"ఆ కారు మలుపు దగ్గర ఆగక అన్నయ్య పోయిన రోజు పక్క సీట్లో నేనేనండి. ఇలాగే తొక్కుతానే ఉన్నా."

"ఇక మీరు నడుపుతారా?" అన్నాను.

"నాకు డ్రైవింగ్ రాదండి. మెకానిక్కు తోలుతాడు. ఆ మలుపు దగ్గర ఒక్కసారి ఆగితే చాలు."

నందిగామలో దిగిపోయాడు. ఆ కారు ఆగిందో లేదో నాకు తెలియదు. ఎవరి కారులో ముందు కూర్చున్నా, మలుపు రాగానే నా కుడికాలు కదులుతుంది.