ట్యాంకు మీద తెల్ల మచ్చ

రెండు వైపులా అంటుకునే డబుల్ టేపు మీది ఎర్ర పొరను గోటితో లేపి లాగితే చిర్రుమని సన్నటి శబ్దం వస్తుంది. మొన్న ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు బండికి ఊడిన రిఫ్లెక్టర్ అంటిస్తూ ఆ శబ్దం విన్నాను. ఆదోనిలో హుసేన్ భాయ్ దుకాణం గుర్తొచ్చింది. బండ్లకు స్టిక్కర్లు, బ్యాడ్జీలు వేసే చిన్న దుకాణం. ఆయన పోయి రెండేళ్లయింది.

నేను బడిలో చదివింది తక్కువ. లెక్క సొంతంగా నేర్చుకున్నాను. ఏ చీరకు ఎన్ని పోగులు పడతాయో మగ్గాల వాళ్లకు నోటిలెక్కతోనే చెబుతాను. అంకె కనిపిస్తే నాకు ధైర్యం. పదేళ్ల కిందట ఆ ధైర్యమే నన్ను ముంచింది. కౌతాళంలో ఉండే మా అక్క భర్త తన కొత్త బండిని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. నేను జాగ్రత్తపరుణ్ణని నాకు మాత్రం మూడు రోజులకు ఇచ్చాడు. ముందు పెట్టుకున్న నూలు మూట రాసుకొని పెట్రోలు ట్యాంకు కుడివైపున్న కంపెనీ పేరు బ్యాడ్జి ఊడిపోయింది. తూచి చూస్తే ముప్పై గ్రాములు. చిటికెలో అంటుకునే జిగురు ఒకటి కొన్నాను. ఎన్నో కిలోలు మోస్తుందని దాని అట్ట మీద రాసి ఉంది. భాగహారం చేసుకొని నిశ్చింతగా ఒక చుక్క వేశాను. అది పక్కకు జారింది. తుడిచేసరికి నల్లటి పెయింటు మీద బియ్యపు గింజంత తెల్ల మచ్చ తేలింది. బ్యాడ్జిని జేబులో వేసుకొని ఆదోనికి పోయాను.

హుసేన్ భాయ్ కళ్లద్దాలు పైకి తోసి మచ్చను చూశాడు. నా లెక్కంతా ఓపికగా విన్నాడు.

“బ్యాడ్జి బరువు సెప్పినావు, జిగురు బలం సెప్పినావు. పెయింట్ యాడుందప్పా నీ లెక్కలో? బ్యాడ్జి పడితే ఇంకోటి తెచ్చుకుంటాం. పెయింట్ లేసొస్తే మీ బావకు ఏం తెచ్చిస్తావు?”

దుకాణం ముందు ఎండలో ఒక పాత కారు డోరు వేలాడుతోంది. కొత్తగా వచ్చిన ప్రతి జిగురునూ ఆయన ముందు దాని మీద వేసి, వేసవి ఎండకు వదిలేసేవాడు. రెండు ట్యూబుల్లోది కలిపి వాడే జిగురుతో అంటించిన ముక్కను నా చేతే లాగించాడు. పెయింటు పొరతో సహా ఊడి వచ్చింది. టేపుతో అంటించిన ముక్క కిందికి గాలపు దారం దూర్చి రంపంలా ఆడిస్తే అది మెల్లగా వదిలింది. మిగిలిన జిగట బొటనవేలితో రుద్దితే ఉండలు చుట్టుకొని వచ్చేసింది. కింద పెయింటు నిగనిగలాడుతోంది.

“అట్ట మీద ఏమన్నా రాసుకోనీ. ఆ రాసినోణ్ణి మన ఆదోని ఎండలో నిలబెట్టు, సూస్తాం” అన్నాడు.

బండిని నీడకు తోసి, ట్యాంకు చల్లబడ్డాక స్పిరిట్‌తో తుడిచి, టేపు చేతికి తీసుకున్నాడు. అప్పుడు నోరు విప్పాను.

“భాయ్, మూడు మిల్లీమీటర్లు కిందికి జరిపితే మచ్చ కప్పుకుంటాది.”

“రెండు పక్కలా ఒకటే ఎత్తులో ఉండద్దా?”

“ఎడమదీ పీకి మూడు జరుపుదాం.”

ఆయన పొట్ట పట్టుకొని నవ్వాడు. “యా అల్లా! గింజంత మచ్చకు రెండు బ్యాడ్జీలు పీకుతాడంట ఈయప్ప! మీ బావకు ఒక్క మాట సెప్పలేవా?”

బ్యాడ్జిని పాత చోటనే, వెంట్రుకవాసి జరపకుండా అంటించి, బొటనవేలితో చాలాసేపు అదిమి పట్టాడు. మచ్చ పక్కనే బయటికి కనిపిస్తూ ఉండిపోయింది.

కౌతాళం చేరాక, బావ చెయ్యి చాపినా తాళం ఇవ్వలేదు. ముందు మచ్చ చూపించి, జరిగింది చెప్పాను. బావ వంగి చూసి, వేలితో రుద్ది చూసి లేచాడు.

“నీ మొగం సూసి బండిని కాలవలో ఏసొచ్చినావేమో అనుకుంటి గదప్పా! మళ్లీ కావాలంటే తీస్కపో. మూట మాత్రం ఎనక కట్టుకో.”

పోగుల లెక్కలో నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తప్పుతుంటాను. మగ్గం వాళ్లు కనిపెట్టకముందే నేనే పోయి చెబుతాను. ఇంటికొచ్చి అన్నం కడుపునిండా తింటాను.