ఇటుకల పండగనాడు లైసెన్సు

నిన్న పొద్దున్న డ్యూటీకి బయలుదేరుతూ స్కూటీ స్టాండు తీస్తున్నానో లేదో, ఫోను కుయ్యిమంది. చూద్దును కదా, నా డ్రైవింగు లైసెన్సు గడువు వచ్చే నెలలో ముగుస్తోందట, ఈలోగా రెన్యూవల్ చేయించుకోవాలట. ఇంకేం, నా రోజు కాస్తా పాడైంది. నెలుంది కదా అని ఊరుకునే రకాన్ని కాను నేను. అరకు చుట్టుపక్కల కొండ ఊళ్ళు తిరిగి పసిపిల్లలకు టీకాలు వేసే నర్సును. మందుసీసా చేతికి రాగానే ముందు గడువు తేదీ చూడటం ఉద్యోగంతో వచ్చిన జబ్బు. ఇప్పుడది వంటింట్లో ఉప్పు ప్యాకెట్టు దాకా పాకింది. మా అమ్మయితే ఉద్యోగాన్ని అనకు, నువ్వు పుట్టిందగ్గర్నుంచీ కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నావంటుంది. తిరిగితే తిరిగాను, పనులవుతున్నాయా లేదా?

లైసెన్సు గడువనేసరికి నాకు మా బావ గుర్తొస్తాడు. మా అప్ప మొగుడు. మా వైపు అక్కను అప్ప అంటాం. ఘాటు రోడ్డు వదిలి ఎర్రమట్టి దారిన కొండెక్కితే వచ్చే మా ఊరికి సర్వీసు జీపు నడిపేవాడు. జీపు అతనిది కాదు, అరకు సంతలో కొట్టున్న ఓ సావుకారిది. దానికి తలుపులు లేవు, వెనక సీటుకి స్పంజి లేదు, చలికాలం పొద్దున్న పదిమంది తోస్తే గాని కదలదు. లోపల మనుషులు, పైన చోళ్ళ (రాగుల) బస్తాలు, వెనక వేలాడుతూ కుర్రాళ్ళు, ఎవరి కాళ్ళ సందునో ఓ కోడి. ఇంత సంసారాన్ని ఎక్కించుకుని మా బావ నిమ్మకు నీరెత్తినట్టు నడిపేవాడు. ఎదురుగా పురుగు కూడా లేని మలుపులో హారన్ కొట్టేవాడు. ఎవరికి బావా ఆ హారన్ అని విసుక్కుంటే, "రోడ్డుకి సెప్పాల గదా మరదలా, వత్తన్నామని" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. అతను తొందరపడగా నేనెప్పుడూ చూడలేదు, పెళ్ళిపీటల మీద తప్ప. అది మా అప్ప చెప్పే మాట, నిజమెంతో నాకు తెలీదు.

అలాంటి మనిషి లైసెన్సు గడువు దగ్గర పడింది. ఎవరికీ చెప్పలేదు. జీపులో కూర్చుని ఏదో కాగితం కోసం ముందర అరలో వెతుకుతూంటే కార్డు నా చేతికొచ్చింది, అలవాటుకొద్దీ తేదీ చూశాను. ఒక్క గావుకేక పెట్టాను. "ఇంకా ఉంది గదా, ఏటీ గాబరా?" అన్నాడు. ఉన్నది వారం. సావుకారు అంతకుముందే తెగేసి చెప్పాడు, చెకింగులు ఎక్కువయ్యాయి, గడువు దాటిన మర్నాడు తాళంచెవి నా బల్ల మీద పెట్టెయ్, కిందనుంచి వేరే డ్రైవరు సిద్ధంగా ఉన్నాడని. ఆ కిందవాడు మా మట్టిదారిలో, అందులోనూ వానల్లో, కొండెక్కుతాడా? కలలో మాట. జీపు రాకపోతే నొప్పులొచ్చిన ఆడమనిషిని కర్రకు దుప్పటి కట్టి డోలీలో మొయ్యాలి. ఆ డోలీల పక్కన పరిగెత్తినదాన్ని, నాకు తెలుసు అదేమిటో. బావకు బతుకుతెరువు, నాకు నా తల్లులు. అందుకని నేనే దగ్గరుండి మా డాక్టరుగారి చేత కంటి పరీక్ష చేయించి, కింద మైదానంలోని రవాణా ఆఫీసుకు ఫోనులో స్లాటు పెట్టించాను. దొరికింది ఒక్కటే, సరిగ్గా ఆఖరి రోజున.

ముందుంది ముసళ్ళ పండగ అంటారు. మాకు ముందున్నది ఇటుకల పండగ, మా కొండల్లో విత్తనాల పండగ. అది చైత్రంలో వస్తుంది, అంతవరకే ఖాయం. ఏ రోజన్నది ఏ క్యాలెండరులోనూ ఉండదు. ఊరి పెద్దలు కూర్చుని, మాట్లాడుకుని, పక్క ఊళ్ళకు కబురంపి నిర్ణయిస్తారు. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్ళు వేటకని కొండెక్కుతారు. ఈ కాలంలో వేట పేరుకే, అడవిలో తిరిగి ఆకలేసి వచ్చెయ్యడమే ఎక్కువ. అయినా వెళ్ళాలి. వెళ్ళనివాడికీ, ఉత్తచేతులతో వచ్చినవాడికీ ఆడవాళ్ళు పేడనీళ్ళతో స్వాగతం చెబుతారు. ఆ రోజుల్లో రోడ్డు కూడా ఆడవాళ్ళదే. ఊరూరా తాడు కట్టి బండ్లు ఆపుతారు, వాళ్ళతో ఆడి, పండక్కింత చేతిలో పెట్టి కదలాలి. ఆ ఏడు పెద్దలు కూర్చుని తేల్చిన రోజు సరిగ్గా మా స్లాటు రోజే. కబురు విని నేను మంచం మీద కూలబడ్డాను. బావ మాత్రం, "మంచిదే, సంత లేదు, జీపు కాళీయే" అన్నాడు.

చీకటితోనే లేచి బయల్దేరాం. ఫోటో తీస్తారని బావ ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా వేసుకున్నాడు, అతనికున్నది అదొక్కటే. జీపు మా ఊరి పొలిమేర దాటనే లేదు, అడ్డంగా తాడు. తాడు కొస పట్టుకుని మా అప్ప!

"ఏటి, ఊరి మగోల్లంతా ఏటకెల్తే నువ్వు మరదల్ని ఎక్కించుకుని సికారెల్తన్నావేటి?" అంది. చుట్టూ ఆడవాళ్ళు ఒకటే నవ్వు.

"అప్పా, ఈయాల ఎల్లకపోతే లైసెన్సు పోద్దే! నీకు తెల్దేటి?" అని నేను అరిచాను.

"తెలుసును. లైసెన్సు ఆపీసోలికి కావాల, పండగ ఊరికి కావాల. కుందేలు తెచ్చినాడా? పోనీ ఓ కొండకోడి?"

బావ దిగి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మా అప్పే బిందె ఎత్తింది. తల మీంచి జారిన పేడనీళ్ళకు తెల్లచొక్కా పచ్చబడింది. "అయిపోనాదా? ఇంక తాడు తియ్యండే" అన్నాడు నవ్వుతూ. జీపు కదలబోతూంటే మాత్రం అప్ప పరిగెత్తుకొచ్చి, చీరచెంగుతో అతని మెడా కాలరూ తుడిచింది. "బేగెల్లు. జాగర్త" అంది, ఆ గొంతులో నవ్వు లేదు. ఆమెకూ రాత్రి నిద్రపట్టలేదని నాకప్పుడు తెలిసింది.

ఘాటు దిగుతూంటే ఊరికో తాడు. నాకు చేతిలోని ఫోను నిప్పుముక్కలా ఉంది, టైము చూడటం, సిగ్నలు పోవటం, మళ్ళీ చూడటం. బావ ప్రతి తాడు దగ్గరా ఇంజను ఆపి దిగాడు. చేతిలో ఏదో పెట్టేసి పోదామంటే వినడు. వాళ్ళ భుజాల మీద చెయ్యేసి, వరసలో కలిసి, థింసా అడుగు తప్పకుండా చుట్టు పూర్తయ్యేదాకా ఆడతాడు. టైడా దగ్గరికొచ్చేసరికి నేను సీటు మీద కూర్చోలేక దిగి రోడ్డు మీద పచార్లు చేస్తున్నాను. అక్కడి ముసలమ్మలు నన్ను కూడా లాగబోతే కసిరాను. "నీకు బుద్ధుందా బావా? మునిగిపోతూంటే ఈ గంతులేమిటి?" అని కేకలేశాను. అతను చెమట తుడుచుకుంటూ ఎక్కి, "ఈల్లందర్నీ రేపు ఎక్కించుకోవాల గదా గుంటా. ఈయాల తాడు తొక్కీసి ఎల్లిపోతే రేపు ఏ మొకం పెట్టుకుని ఆపుతాను?" అన్నాడు. రేపు జీపు తన చేతిలో ఉంటుందని అంత ధీమా. ఆ ధీమాకి నాకింకా ఒళ్ళు మండింది.

అనుకున్నంతా అయింది. ఆఫీసు చేరేసరికి మా స్లాటు గడిచిపోయింది. కిటికీలో గుమస్తా తల ఎత్తకుండానే రేపు చూసుకోండి అన్నాడు. ఆలస్యమైతే ఆఫీసుకు జరిమానాతో పోతుందేమో, సావుకారికి పోదు. ఆ సంగతి చెప్పాను, బతిమాలాను, దెబ్బలాడాను. "పండగైతే ఇంట్లో ఉండాలి గానీ స్లాటు పెట్టుకుంటారటమ్మా ఎవరైనా?" అన్నాడు. బావ గోడవారన నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ మొదటిసారి అతని ముఖంలో నవ్వు లేదు. చేతులు ఊరికే ప్యాంటుకి తుడుచుకుంటున్నాడు. అంత పెద్దమనిషి అలా నిలబడటం చూసి నేను మళ్ళీ కిటికీకేసి నడిచాను.

అప్పుడే ఫోటోలు తీసే ఉద్యోగి ఒకావిడ తన గదిలోంచి ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని బయటకొచ్చింది. "ఏటండీ ఈ వాసన?" అని అందర్నీ చూస్తూ బావ చొక్కా దగ్గర ఆగింది. ఒక్క క్షణం చూసి, "ఏటకెల్లలేదా?" అంది. మేం తెల్లబోయాం. ఆవిడ అమ్మమ్మగారి ఊరు పార్వతీపురం అవతల కొండ కిందట. వాళ్ళ తాత ఒక ఏడాది వేటకు వెళ్ళి ఏమీ దొరక్కపోగా చెప్పు ఒకటి పోగొట్టుకుని వచ్చాడట, రెండు బిందెలు పోశారట. "రెండో బిందె సెప్పుకా?" అని బావ అమాయకంగా అడిగాడు. ఆవిడ పగలబడి నవ్వింది. గుమస్తా కూడా ఇటు తిరిగాడు. "సిస్టమ్ ఇంకా మూయలేదు కదండీ, ఆ కాగితాలు ఇలా పంపండి" అని ఆవిడే అంది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి. కార్డు మీద ఈరోజుకీ మా బావ పచ్చ కాలరుతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ఉంటాడు.

తిరిగి ఘాటెక్కుతూంటే నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. "ఇంక అయిదేల్లు దిగుల్లేదు, ఊరుకో" అని బావ ఉత్త మలుపులో హారన్ కొట్టాడు.

ఆ వానలు వెళ్ళగానే మా ఊరికి తారురోడ్డు మంజూరైంది. కొలతల వాళ్ళను కొండెక్కించింది మా బావ జీపే, కంకర మేస్త్రీలకు అన్నం క్యారియర్లు మోసిందీ అదే. రోడ్డు పడింది, ఆటోలొచ్చాయి, ఫోను చేస్తే అంబులెన్సు గడపలోకొస్తోంది. డోలీ కర్ర పందిరికి పనికొచ్చింది. నేను సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. సావుకారు జీపును పాత ఇనుముకి అమ్మేశాడు. బావ చేతిలో లైసెన్సు కొత్తగానే ఉంది. ఇప్పుడతను కాఫీతోట పని చూసుకుంటాడు, సంతకు ఆటోలో అందరితోపాటు వెళతాడు. మొన్న పక్కన కూర్చున్నాను. మలుపు రాగానే అతని కుడికాలు ఆటో నేలను గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకు లేదు, ఉత్త రేకు. మలుపు తిరిగాక కాలు మెల్లగా వెనక్కి తీసుకుని, నేను చూశానేమోనని చూశాడు. నేను లోయకేసి తిరిగాను.

ఆ రోజు మేమిద్దరం కార్డు మీది తేదీతో పోటీపడి గెలిచాం. జీపుకీ ఒక ఆఖరి తేదీ ఉంటుందని, అప్పటికే ఆ గడువు దగ్గర పడుతోందని, ప్రతిదానికీ గడువు చూసే నాకు కూడా తట్టలేదు.