కారు నాది, ఫోటోలు వాళ్లవి

ఆ రోజుల్లో గల్ఫ్ నుంచి ఊరికి డబ్బు ఆలస్యంగా వచ్చినా ఓర్చుకునేవారు గానీ, ఫోటో ఆలస్యమైతే ఊరుకునేవారు కాదు. ఫోటోలో మనిషి పక్కన కారుండాలి. అది ఎవరిదని అడిగేవాడు లేడు. వీసా ఇచ్చిన కఫీల్‌దో, కంపెనీ ఇంజనీరుదో, రోడ్డు పక్కన ఆపి నమాజుకు వెళ్లిన ఏ పెద్దమనిషిదో, ఏదో ఒకదాని బానెట్ మీద చెయ్యేసి, అరువు కళ్లద్దాలు పెట్టుకుని నిలబడితే చాలు, మా కరీంనగర్ జిల్లాలో సంబంధాలు కదిలేవి. నాకు ఈ పద్ధతంటే ఒళ్లు మంట. "పరాయి కారు మీద చెయ్యేసే ఖర్మ నాకేంది? ఫోటో దిగితే నా సొంత కారుతోనే దిగుత" అని క్యాంపులో నలుగురి ముందు అనేశాను. ఇరవై నాలుగేళ్ల వయసులో నోటికి బ్రేకులుండవు. (తర్వాత నేను కొన్న కారుకూ లేవని తేలింది.)

అప్పుడు నేను సౌదీలో, కువైట్ సరిహద్దు దగ్గరి హఫర్ అల్ బాతిన్‌లో ఏసీ మెకానిక్‌ని. కువైట్ యుద్ధం ముగిసి, సైన్యాలు వెనక్కి మళ్లి, ఊరి బయట పాత కార్ల బజారు నిండిపోయిన కాలం అది. అక్కడ కనిపించింది నా శని. ఎర్ర రంగు, రెండే తలుపులు, ఎనిమిది సిలిండర్ల ఇంజను. యుద్ధం మొదలైన రోజున దీని యజమాని కువైట్ నుంచి పెళ్లాం పిల్లల్ని వేసుకుని సరిహద్దు దాకా గాలిలా వచ్చాడని బ్రోకర్ చెప్పాడు. అంత గాలిలా వచ్చిన బండిలో ఇంకా ఏం మిగిలుంటుందని అడగాలని నా బుర్రకు తట్టలేదు. పెట్రోలు నీళ్లకన్నా చవక కదా, ఇక ఖర్చేముంటుందనుకున్నాను. పైగా సెలవుకు వెళ్లి ట్రాక్టర్ మామ కూతుర్ని అడగాలన్నది నా ఆలోచన. ఆయన మా అమ్మకు వరుసకు తమ్ముడు, మా చుట్టాల్లో మొదట ట్రాక్టర్ కొన్నవాడు. ఆ పిల్లను ఒక పెళ్లిలో విస్తళ్లు వేస్తుండగా చూశాను. చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించలేదు. దాచుకున్నదంతా ఆ కారుకే పోశాను.

మొదటి వారంలో రేడియేటర్ పోయింది. రెండో నెలలో గేర్‌బాక్స్ పోయింది. అంత వెడల్పు టైర్లు హఫర్‌లో దొరకవట, దమ్మామ్ నుంచి రావాలట. ఒక్క టైరు ధరకు మామూలు కారుకు నాలుగూ వస్తాయట! ఇదెక్కడి న్యాయం? నేను హఫర్‌లో సగం ఇళ్లను చల్లబరిచినవాణ్ని, నా కారులో ఏసీ మాత్రం పనిచేయలేదు. నా చేత్తో బాగుచేద్దామంటే దాని కంప్రెసరే అమెరికా నుంచి రావాలన్నారు. వర్క్‌షాప్ నడిపే పాకిస్తానీ ఉస్తాద్ దాన్ని చూసిన ప్రతిసారీ నవ్వేవాడు. "యే గాడీ నహీ భాయ్, బేగం హై. ఖర్చా మాంగేగీ" అనేవాడు. ఖర్చు అడిగే బేగం అయితే కనీసం ఇంట్లో ఉండాలి కదా, ఇది నెలకు ఇరవై రోజులు ఆయన షెడ్డులోనే కాపురం చేసింది.

ఇంతకన్నా పెద్ద అన్యాయం శుక్రవారాల్లో జరిగేది. సెలవు రోజు కాబట్టి క్యాంపులో వాళ్లంతా తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ చొక్కాలు వేసుకుని నా కారు ముందు వరస కట్టేవారు. అందరిలోకీ ముందు టైల్స్ తమ్ముడు. మా పక్కూరివాడు, టైల్స్ పని చేసేవాడు, వరుసకు తమ్ముడు. "అన్నా, తాళంచెవి గూడ జర చేతికియ్యే, మంచిగ వడ్తది" అని బతిమాలేవాడు. ఇచ్చేవాణ్ని. ఒకసారి గేర్‌బాక్స్ షెడ్డులో, చక్రాలు ఇంకోచోట, కారేమో క్యాంపు ముందు ఇటుకల మీద ఉంటే, వాళ్లు ఇటుకలు ఫోటోలో పడకుండా మోకాళ్ల పైనుంచి తీయించుకున్నారు. బిల్లు కట్టినవాణ్ని నేను, బానెట్ తుడిచినవాణ్నీ నేనే. థాంక్స్ అన్నవాడు ఒక్కడు లేడు.

రెండేళ్లకు సెలవు దొరికింది. ఒక సూట్‌కేసు, కారు పక్కన నా ఫోటో, ఉస్తాద్ ఇచ్చిన బిల్లుల కట్ట (డబ్బంతా ఏం చేశావని నాన్న అడిగితే చూపించడానికి) తీసుకుని దిగాను. మర్నాడే ట్రాక్టర్ మామ ఇంటికి వెళ్లి, చాయ్ తాగి, ఫోటో ఆయన చేతిలో పెట్టాను. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఇది టైల్స్ పిలగాని కారు గదనే అల్లుడా" అన్నాడు.

ఆయన లేచి, గూట్లోంచి నా ఫోటోలాంటిదే ఇంకోటి తీశాడు. టైల్స్ తమ్ముడు, చేతిలో తాళంచెవి, వెనక నా కారు. పోయిన నెలే పంపాడట, సంబంధం మాటకు. "గీ కారు మీద చెయ్యేసి ఇంకో ఇద్దరు గూడ దిగిండ్రు. మా మేనత్త ఇంట్ల చూసిన. నువ్వు గూడ గదే కారు వట్టుకొస్తివి. వేరే కారు దొరకలేదా?"

అసలు యజమానిని నేను! ఆ కారుకు నెత్తురు ధారపోసినవాణ్ని నేను! దొంగల వరసలో నన్ను చివర నిలబెట్టాడు. కోపంతో సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్లి, బిల్లుల కట్ట తెచ్చి, ఆయన మంచం మీద పరిచాను. అరబ్బీ అక్షరాలు ఆయనకు రావు కాబట్టి ఒక్కొక్కటీ నేనే గట్టిగా చదివి వినిపించాను. ఇది రేడియేటర్‌ది. ఇది గేర్‌బాక్స్‌ది. ఇది ఆ గేర్‌బాక్స్ మళ్లీ పోతే దానిది. ఇది టైర్లది, మన రూపాయల్లో ఇంత. చదువుతున్నకొద్దీ నాకు ఉత్సాహం పెరిగింది. లోపలి గదిలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

ట్రాక్టర్ ఉన్నవాడు, రిపేరు బిల్లుల బాధ తెలిసినవాడు కదా, ఆయన అన్నీ ఓపికగా విన్నాడు. "నమ్మిన అల్లుడా. కారు నీదే. గంత ఖర్చు పెట్టినోడు అబద్ధం ఆడడు" అన్నాడు. నా ఛాతీ ఉబ్బింది. అప్పుడాయన బిల్లులన్నీ జాగ్రత్తగా సర్ది, నా చేతిలో పెట్టి, నిజంగానే జాలిగా చెప్పాడు. "గా పిలగాడు కారున్నదని అబద్ధమాడిండు. పెండ్లయితే అబద్ధం మానుతడు. నువ్వు నిజంగనే కొన్నవ్. దీన్ని ఎవరు మాన్పియ్యాలె?"

పిల్లను టైల్స్ తమ్ముడికే ఇచ్చారు. కారుకు పెట్టని డబ్బుతో వాడు రెండెకరాలు కొన్నాడని తర్వాత తెలిసింది. నేను తిరిగి వెళ్లి, ఆ ఎర్ర దయ్యాన్ని ఉస్తాద్‌కే తెగనమ్మాను. ఆయన దాన్ని విప్పి విడిభాగాలుగా అమ్ముకుని లాభం చూశాడు. ఇన్నేళ్లయినా మామ అన్న ఆ మాట తలుచుకుంటే నాకు మండుతుంది.

ఈ మధ్య ఒక ఫంక్షన్‌లో భోజనాల దగ్గర ట్రాక్టర్ మామ కూతురు నా పక్కకు వచ్చి కూర్చుంది. జుట్టు నెరిసింది, మనవరాలు ఒళ్లో ఉంది. "బావా, ఎన్నేండ్ల సంది అడుగుదామనుకుంటున్న. ఆ కారు నడుస్తుంటె ఎట్లుంటుండె? మీ తమ్ముని అడిగితే ఏడాదికో తీర్గ చెప్తడు" అంది.

నేను చెప్పాను. ఒక శుక్రవారం పొద్దున, హఫర్ దాటాక, పైప్‌లైన్ వెంట తిన్నగా పోయే ఆ రోడ్డు మీద, అది ఏ చప్పుడూ చేయకుండా ఇరవై నిమిషాలు పరుగెత్తిందని చెప్పాను. ఏసీ లేదు కాబట్టి అద్దాలు దించేశానని, ఇసుక మీద ఎండ ఇంకా ఎక్కలేదని చెప్పాను. ఆమె నోరు తెరుచుకుని విన్నది. ఆ ఇరవై నిమిషాలూ ఖాళీగా ఉన్న పక్క సీట్లో మనసులో ఎవరిని కూర్చోబెట్టుకుని నడిపానో మాత్రం చెప్పలేదు, పెరుగన్నం కలుపుకున్నాను.