లక్డారం రేఖ, కోల్డ్ ఫర్నేస్

పొద్దున కంపెనీ బస్సులో వెనక కిటికీ పక్కన కూర్చునే రేఖను చూసి కొత్తవాళ్లు నిద్రపోతోందనుకుంటారు. కళ్లు మూసుకునే ఉంటుంది. కాలి మడమ మాత్రం బస్సు రేకు మీద దబదబా ఆడుతూ ఉంటుంది. పక్కన రుమానా ఉంటుంది. ఒకటే ఇయర్‌ఫోన్, చెరొక చెవిలో చెరొక కొస.

ఇద్దరూ పటాన్‌చెరులో ఒక ప్రెస్ షాపులో పనిచేస్తారు. స్టీలు రేకును మిషన్ కింద పెట్టి ఒత్తితే కారు తలుపుల కీళ్లు పడతాయి. ఆ షెడ్డులో మాట వినపడదు. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని, సైగలతోనే పని నడిపిస్తారు.

అంతకుముందు రేఖ పోతిరెడ్డిపల్లిలో కాపురం చేసింది. భర్త సునీల్‌కుమార్‌కు అక్కడ మొబైల్ షాపు ఉంది. ఆ ఇంట్లో ఆడవాళ్ల మాట వంటగది దాటకూడదు. ఫోనులో తల్లితో మాట్లాడినా మెల్లగా మాట్లాడాలి. రేఖది పుట్టుకతోనే పెద్ద గొంతు. తగ్గించుకుంది, ఇంకా తగ్గించుకుంది. ఒక విందులో వదిన చెప్పిన మాటకు గట్టిగా నవ్వితే, సునీల్ చుట్టాలందరి ముందు నోటి మీద కొట్టాడు. వడ్డన ఆగలేదు. రేఖ విస్తర్లు ఎత్తి, చేతులు కడుక్కుని, కట్టుకున్న చీరతోనే బస్సెక్కి లక్డారంలో తల్లి సంగమ్మ దగ్గరికి వచ్చేసింది.

ప్రెస్ షాపులో చేరిన కొత్తలో ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. పక్క మిషన్ మీద పనిచేసే రుమానాయే ఒకరోజు బస్సులో అడగకుండానే ఆమె చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టింది. రుమానా తమ్ముడు ఆతిఫ్ రుద్రారంలో చదువుతాడు. అతను ఫోనులో ఎక్కించి ఇచ్చిన హెవీ మెటల్ ఆల్బమ్ అది. పేరు కోల్డ్ ఫర్నేస్. చల్లారిన కొలిమి అని అర్థమట. ఏదో మంచు దేశపు బ్యాండు.

మొదటిరోజు రేఖ వెంటనే ఇయర్‌ఫోన్ పీకేసింది. పనిలో మోత చాలదా అని విసుక్కుంది. మర్నాడు తనే అడిగి పెట్టుకుంది. ఎందుకని రుమానా అడిగితే తోచినట్టు చెప్పింది. షెడ్డులో మోతకు వరస లేదు, ఎవరి మిషన్ వాళ్లది. ఇక్కడ అదే మోతను ఎవరో పట్టుకుని, లొంగదీసి, ఒక దారిన నడిపిస్తున్నారు. డ్రమ్ములు మీద పడ్డట్టే ఉంటాయి గానీ ఎక్కడా తాళం తప్పవు.

అన్నిటికన్నా ఆమెకు నాలుగో పాట ఇష్టం. ఒక్క గిటారు తీగ మెల్లగా మొదలవుతుంది, ఎవరో దూరంగా నడిచి వస్తున్నట్టు. డ్రమ్ము ఒకటి కొట్టి ఊరుకుంటుంది. మళ్లీ ఒకటి. తర్వాత అన్నీ ఆగిపోతాయి. ఆ సందులో పాడే మనిషి ఊపిరి పీల్చుకోవడం వినపడుతుంది. అప్పుడు వస్తుంది అరుపు, గుండె అడుగునుంచి, కొండచరియ విరిగినట్టు. ఆ ఊపిరి దగ్గరికి వచ్చేసరికి రేఖ కూడా ఊపిరి బిగపట్టేది.

అంత గొంతున్న మగవాడు ఎంత లావుంటాడో అని ఒకరోజు అంది. రుమానా నవ్వి వీడియో చూపించింది. మైకు పట్టుకుని నిలబడింది ఒక నడివయసు ఆడమనిషి. సన్నగా ఉంది, జుట్టు నెరిసింది. నోరు తెరిస్తే ఆ గర్జన. రేఖ ఆ వీడియోను మళ్లీ మళ్లీ పెట్టించుకుంది.

ఇంట్లో కూడా పెట్టడం మొదలుపెట్టాక సంగమ్మకు తలనొప్పి పట్టుకుంది. దున్నపోతును కోస్తున్నట్టుంది, బంద్ చెయ్యమని పోరేది. వాడకట్టులో మాట పాకింది. సంగమ్మ బిడ్డ దయ్యాల పాటలు వింటోందట, బస్సులో తల ఊపుతోందట. ఆ మాట పోతిరెడ్డిపల్లిదాకా పోయింది. సునీల్‌కు అదొక దారి దొరికినట్టయింది. ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని ఒక ఆదివారం పొద్దున లక్డారం వచ్చాడు.

రేఖ పెద్దనాన్న పెద్దరాములు ఇంటి ముందు రేకుల కింద పంచాయతీ కూర్చుంది. సునీల్ చాలా నెమ్మదిగా మాట్లాడాడు. తన భార్యకు గాలి సోకిందన్నాడు. లేకపోతే సంసారపు ఆడది ఇల్లు వదిలి వస్తుందా, అలాంటి కూతలు వింటుందా అన్నాడు. తీసుకెళ్లి బాగు చేయిస్తానన్నాడు. పెద్దమనుషులు తలలూపారు. రేఖను ఎవరూ ఏమీ అడగలేదు. ఆఖరికి పెద్దరాములే, అసలు ఆ పాట ఏందని అడిగాడు.

రేఖ ఫోను తీసి, సౌండు మొత్తం పెంచి, నాలుగో పాట పెట్టి కుర్చీ మీద ఉంచింది.

గిటారు మెల్లగా వస్తున్నంతసేపు అందరూ ఇంతేనా అన్నట్టు చూశారు. అరుపు వచ్చేసరికి గింజలు ఏరుకుంటున్న కోళ్లు గోడెక్కాయి. పంచాయతీ చూడవచ్చిన ముసలి సంగప్ప చెవులు మూసుకున్నాడు. ఫోను ఆపబోయిన సునీల్ చేతిని రేఖ పక్కకు నెట్టింది.

"బంద్ చెయ్యి బిడ్డా," అన్నాడు పెద్దరాములు.

"అయిపోనియ్యి పెద్దబాపు. పొద్దుగాల నుంచి మీరు చెప్పేదంతా నేను కూసొని ఇన్న. గిదొక్కటి మీరు ఇనున్రి."

పాట చివరిదాకా మోగింది. ఆగాక సంగప్ప చెవుల మీంచి చేతులు తీసి, ఎవడమ్మా వాడు, గంత ఒర్లుతుండు అని అడిగాడు.

"వాడు కాదు తాతా. ఆమె. ఆడామె," అంది రేఖ. సునీల్ వైపు తిరిగింది. "నాకే గాలి సోకలే. గట్టిగ నవ్విన్నని నోటి మీద కొట్టిండు, గందుకు వచ్చిన. ఇగ రాను. ఈ మాట మెల్లగ గూడ చెప్ప."

అక్కడున్న మగవాళ్లలో ఒక్కరూ ఆమె ముఖం చూడలేదు. వెళ్లకపోతే తన గడప తొక్కొద్దని పెద్దరాములు తేల్చేశాడు. అందాకా స్తంభానికి ఆనుకుని నిలబడ్డ సంగమ్మ అప్పుడు ముందుకొచ్చింది. పెద్దరాములుకు ఎదురు చెప్పడం ఆమె ఎరగదు.

"దయ్యం పట్టిందంటే గా ఇంట్లనే పట్టింది బావా. నా దగ్గరికొచ్చినంక ఇడిసిపెట్టింది," అంది. బిడ్డ చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది.

పెద్దరాములు మాట మీద నిలబడ్డాడు. మనవరాలి పెళ్లికి వీళ్లను పిలవలేదు. ఊరేగింపు వీళ్ల ఇంటి ముందు నుంచే పోయింది. సంగమ్మ ఆ రోజంతా ఏడ్చింది. రేఖ ఏడవలేదు గానీ అన్నం తినలేదు. విడాకుల కేసు సంగారెడ్డి కోర్టులో నడుస్తోంది. వాయిదాకు వెళ్లినప్పుడల్లా సునీల్ వకీలు ఆ పాటల సంగతే ఎత్తుతాడు. అవును, వింటాను అని రేఖ ప్రతిసారీ కోర్టు హాలు చివరిదాకా వినపడేటట్టు చెబుతుంది. సంగమ్మకు ఆ ఆల్బమ్ ఇప్పటికీ పడదు. కూతురు పెడితే కొంగు చెవులకు చుట్టుకుని కూరగాయలు తరుగుతుంది.

వినడంతో రేఖకు తనివి తీరలేదు. అలా అరవడం నేర్చుకోవాలనుకుంది. సెలవురోజు సాయంత్రాలు రుమానాతో కలిసి ఊరవతల క్రషర్ల వైపు పోతుంది. రాళ్లు నలిగే చప్పుడులో ఎవరూ పట్టించుకోరు. మొదట్లో గొంతు పుండై, వారమంతా గుటక పడేది కాదు. గొంతుతో కాదు, పొత్తికడుపుతో అరవాలని మెల్లగా తెలిసింది. ఇప్పుడు నాలుగో పాట సగందాకా వస్తుంది. రుమానా ఒక తగరపు డబ్బా బోర్లించి డ్రమ్ము కొడుతుంది.

మొన్న క్రషర్ ఆగి ఉన్నప్పుడు కూడా రేఖ ఆపలేదు. దారిన పోయే బైకతను కంగారుగా బండి ఆపి, ఎవరు పోయారని అడిగాడు.

"ఎవ్వరు పోలే అన్నా. పాట పాడుతున్న. నువ్వు పో," అంది రేఖ. అతను బండి స్టార్ట్ చేసేలోపే మళ్లీ అరుపు కోసం ఊపిరి పీల్చుకుంది.