దిగబోయి మళ్లీ పైకి

మా కాక పోయాడని నాకు ఎవరూ చెప్పలేదు. "లేస్తలేడు బిడ్డా, పిలిస్తె పలుకుతలేడు. జల్ది రా" అని మాత్రమే చిన్నమ్మ ఫోన్‌లో అంది. అప్పుడు నేను మర్ఖేల్ బడిలో నాలుగో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. దెగ్లూరుకు వచ్చి నాందేడ్ బస్సెక్కాను. దారి పొడుగునా సీట్లో ముందుకు వంగి కూర్చున్నాను, అలా కూర్చుంటే బస్సు తొందరగా పోతుందన్నట్టు. ఇంటి ముందు గుట్టగా విడిచిన చెప్పులు చూశాక ఇక ఎవరినీ ఏమీ అడగలేదు.

కాక అంటే మా నాన్న తమ్ముడు. విమానాశ్రయంలో ఎత్తైన టవర్ మీద కూర్చుని, ఎప్పుడు దిగాలో ఎప్పుడు లేవాలో పైలట్లకు రేడియోలో చెప్పే ఉద్యోగం ఆయనది. దేశంలో ఎన్నో ఊళ్లు తిరిగి, రిటైరయ్యాక నాందేడ్‌కు వచ్చేశాడు. ఉద్యోగం పోయినా దాని అలవాటొకటి పోలేదు. ఎదుటివాళ్లు చెప్పిన మాటను మళ్లీ ఒకసారి పైకి అనేవాడు. "కిలో వంకాయ, అర్ధ కిలో టమాట, కొత్తిమీర. గంతే గదా?" చిన్నమ్మ విసుక్కునేది, "ఒక్కపారి చెప్తె ఇనవడదా నీకు?" అని. "ఇన్న. నువ్వన్నదే ఇన్ననా, ఇంకోటి ఇన్ననా అని చూసుకుంటున్న" అనేవాడు కాక, సంచి దులుపుతూ.

ఆయన ఎందుకంత జాగ్రత్తగా ఉంటాడో ఒక్కసారే చెప్పాడు. నేనడిగితేనే చెప్పాడు.

ఉత్తరాన ఒక ఊళ్లో, వానాకాలం మధ్యాహ్నం. ప్రయాణికుల జెట్ విమానం ఒకటి దిగడానికి వస్తోంది. అంతకుముందు దిగిన విమానం ఇంకా రన్‌వే మీదే ఉంది. కాక రేడియోలో దిగొద్దన్నాడు, మళ్లీ పైకి వెళ్లమన్నాడు. పైలట్ సరేనన్నాడు. ఇంజన్లు గట్టిగా మోగాయి, విమానం మబ్బులోకి పోయింది. కాక వెంటనే రూల్ ప్రకారం ఎంత ఎత్తుకు ఎక్కాలో, ఏ వైపు తిరగాలో చెప్పాడు. జవాబు రాలేదు. అంతలో మబ్బు కింది నుంచి విమానం బయటపడింది, ముక్కు వంచి, నేల వైపుకు.

"మైకు చేతులనే ఉన్నది బిడ్డా. ఏమని చెప్పాలె? నేను మాట్లాడితె వాని ధ్యానం నా దిక్కు మళ్లుతది. మాట్లాడకపోతె చూసుకుంట కూసోవాలె."

చూస్తూ కూర్చున్నాడు. విమానం తుమ్మ చెట్లకు కాస్త పైన ముక్కెత్తి, వణుకుతూ మళ్లీ మబ్బులోకి వెళ్లింది. కాసేపటికి తిరిగొచ్చి దిగింది. ఒక ముసలమ్మకు చెయ్యి విరిగింది. మిగతా అందరూ బతికారు.

సాయంత్రం ఆ విమానం కో-పైలట్ టవర్ దగ్గరికి వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. ఇంజన్లకు ఒక్కసారిగా బలం ఇచ్చేసరికి, మబ్బులో నేలా ఆకాశమూ తెలియక, వెనక్కి పడిపోతున్నట్టు అనిపించిందట కెప్టెన్‌కు. అందుకని ముక్కు కిందికి వంచాడట. అదే సమయంలో తను చక్రాలు పైకి ముడవాలి, రెక్కలు సర్దాలి, వేగం చూడాలి. "అప్పుడే మీ గొంతు వినిపించింది సార్. మీరు చెప్పిన ఎత్తును మీట తిప్పి యంత్రంలో పెడుతున్నాను. మేం కిందికి పోతున్నామని చూడలేదు" అంది. నింద వేయడానికి కాదు, జరిగింది జరిగినట్టు చెప్పడానికి.

విచారణలో కాక తప్పేమీ లేదని తేలింది. ఆయనకు అదే మింగుడుపడలేదు. "తప్పు నాదైతె దిద్దుకుందును. నాది కాదంటె నేనేం దిద్దాలె?" అన్నాడు. విమానం నిలకడగా పైకి లేచేదాకా, తప్పనిసరైతే తప్ప పైలట్‌తో మాట్లాడొద్దని పైవాళ్లకు ఉత్తరం రాశాడు. అందినట్టు జవాబొచ్చింది. ఇంకోటి రాశాడు. అదీ అందింది. ఆ తర్వాత రిటైరయ్యాడు.

"దిగుడు రోజూ చేస్తరు, చెయ్యి తిరిగిపోతది. దిగబోయి లేసుడు ఎన్నడో ఒక్కపారి. గప్పుడు చెయ్యి తడబడతది" అనేవాడు. అయినా దిగకుండా వెళ్లిపోయిన పైలట్‌ను ఎవరైనా తిడితే ఊరుకునేవాడు కాదు. "మొండికేసి దిగినోని కంటె లేసి పోయినోడు నయం."

ఈ వానాకాలంలోనే, గుండె చూపించి బెంగళూరు నుంచి ఆయన్ని విమానంలో తీసుకొచ్చాను. నాందేడ్ రన్‌వే తడిగా మెరుస్తూ కిటికీలో కనిపించింది. ఇక చక్రాలు నేలకు ఆనుతాయనగా ఇంజన్లు ఒక్కసారిగా అరిచాయి. మా వీపులు సీట్లకు అతుక్కున్నాయి. కిటికీ తెల్లబడింది. కాక నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏమైంది కాకా?"

మాట్లాడొద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. ఆ కొన్ని క్షణాల్లో ఏమేం జరగవచ్చో ఆ విమానం వెనక భాగంలో ఆయనొక్కడికే తెలుసు. తెలిసీ బెల్టు కట్టుకుని కూర్చోవడం తప్ప చేయగలిగింది లేదు. ఆయన గోళ్లు నా చర్మంలో దిగాయి. వెనక సీటాయన, వీళ్లకు దింపడం రాదా అని మరాఠీలో కేకలు పెడుతున్నాడు.

విమానం సమంగా నిలిచాక, "ఇగ మాట్లాడు బిడ్డా" అన్నాడు.

"భయమైందా?"

"తెల్సినోనికే ఎక్కువ భయం."

రెండోసారి దిగాం. మెట్ల కింద కాక కోసం చక్రాల కుర్చీ ఉంది. జల్లు పడుతోంది. అందరూ సంచులు నెత్తిన పెట్టుకుని లోపలికి పరుగెత్తారు. "చలో చాచా, భీగ్ జాతే" అని, తడిసిపోతామని కుర్చీ తోసే మనిషి తొందరపెట్టాడు. కాక ఆగమన్నాడు. పైన విమానం ముందు కిటికీలో తెల్లచొక్కా పైలట్ రెండు చేతుల్లో మొహం పెట్టుకుని కూర్చున్నాడు. కాక అతని వైపు చెయ్యెత్తాడు. అతను తలెత్తి చూడలేదు. చొక్కా చేతి మీదుగా నీళ్లు మోచేతి దాకా కారుతున్నా, కాక ఆ చెయ్యిని అలాగే పట్టుకుని ఉన్నాడు.